సైకోసిస్ ముప్పు అధికంగా ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన

సైకోసిస్ అనగా ఏది వాస్తవం, ఏది కాదు అనే ఎరుక చెదిరిపోయే తీవ్రమైన మానసిక స్థితి. ఇది ఎక్కువమందిలో ఒక్క రోజులో మొదలుకాదు. దానికి ముందు నెలల తరబడి, కొందరిలో ఏళ్ళ తరబడి, అస్పష్టమైన మార్పులు కనిపిస్తాయి. ఇటువంటి మార్పులు కనిపిస్తున్నా ఇంకా వ్యాధి రానివారిని మనోవైద్య శాస్త్రంలో సైకోసిస్ ముప్పు అధికంగా ఉన్నవారు అని వ్యవహరిస్తారు. వీరిలో చాలామంది వైద్యుని వద్దకు వచ్చేది దిగులు, నిద్రలేమి, గుండెదడ, భయం వంటి బాధలతోనే. అందువలన ఈ దశలో కుంగుబాటు మరియు ఆందోళన అనే రెండు సమస్యలను గుర్తించి చికిత్స చేయడం ఎంతో ముఖ్యమైనది. వీరిలో అధికభాగానికి సైకోసిస్ ఎప్పటికీ రాదు, కాని కుంగుబాటు, ఆందోళనల వలన చదువు, ఉద్యోగం, కుటుంబ సంబంధాలు దెబ్బతింటాయి.

నిర్వచనం

సైకోసిస్‌లో ప్రధానంగా రెండు లక్షణాలు ఉంటాయి. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, లేనివి కనిపించడం వంటివి భ్రాంతులు. ఎవరో తనపై కుట్ర పన్నుతున్నారనో, తన ఆలోచనలను బయటివారు చదువుతున్నారనో ఆధారం లేకుండా దృఢంగా నమ్మడం భ్రమ. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధి, తీవ్రమైన కుంగుబాటు, మత్తుపదార్థాల వాడకం వంటి అనేక కారణాల వలన సైకోసిస్ కలుగవచ్చును.

ముప్పు అధికంగా ఉన్నవారిని మూడు వర్గాలుగా గుర్తిస్తారు.

మొదటి వర్గం: భ్రమలు, భ్రాంతులు బలహీన రూపంలో ఉన్నవారు. వీధిలో నలుగురు నవ్వితే తనను చూసే నవ్వుతున్నారేమో అని అనిపిస్తుంది. అయితే కొంతసేపటికి "అలా అయి ఉండదు" అని తమకు తామే సర్దిచెప్పుకోగలుగుతారు.

రెండవ వర్గం: స్పష్టమైన సైకోసిస్ లక్షణాలు కొద్దిరోజులు, అనగా వారానికి మించకుండా వచ్చి, మందులు లేకుండానే తగ్గిపోయినవారు.

మూడవ వర్గం: తల్లి, తండ్రి, తోబుట్టువులలో ఎవరికైనా సైకోసిస్ ఉండి, ఇటీవలి కాలంలో తమ చదువు లేదా పనిలో బాగా వెనుకబడినవారు.

సాధారణంగా యుక్తవయస్సు మొదలుకొని ముప్పై ఏళ్ళ లోపు వయస్సువారిలో ఈ అంచనా వేస్తారు. ఇంటర్మీడియట్, డిగ్రీ చదువులు, మొదటి ఉద్యోగం, వివాహం వంటివన్నీ ఈ వయస్సులోనే జరుగుతాయి.

చరిత్ర

స్కిజోఫ్రీనియా రావడానికి ముందు ఒక పూర్వదశ ఉంటుందని 20వ శతాబ్దపు తొలినాళ్ళ నుండి వైద్యులు గమనించారు. అయితే వ్యాధి వచ్చిన తరువాత వెనుకకు తిరిగి చూసి "అప్పుడే మొదలైంది" అని చెప్పడం సులభం, ముందుగా గుర్తించడం కష్టం. 1994లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో పేస్ అనే క్లినిక్ ఇందుకోసమే ఏర్పడింది. అక్కడ ఆలిసన్ యంగ్, పాట్రిక్ మెక్‌గోరీ తదితరులు పైన చెప్పిన మూడు వర్గాలను నిర్వచించారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో థామస్ మెక్‌గ్లాషన్, టాండీ మిల్లర్ తదితరులు ఇదే ప్రయోజనం కోసం మరొక ప్రశ్నావళిని తయారుచేశారు.

2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వెలువరించిన వ్యాధుల వర్గీకరణ గ్రంథపు ఐదవ కూర్పులో ఈ స్థితిని పూర్తిస్థాయి వ్యాధిగా చేర్చలేదు. ఇంకా అధ్యయనం జరగవలసిన స్థితులలో ఒకటిగా మాత్రమే పేర్కొన్నారు.

ఎంతమందిలో కనిపిస్తాయి

2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పావ్లో ఫుసార్-పోలీ తదితరులు లండన్, మెల్బోర్న్ క్లినిక్‌లకు వచ్చిన 509 మందిని పరిశీలించారు. వారిలో 73 శాతం మందికి ముప్పు లక్షణాలతో పాటు మరొక మానసిక సమస్య కూడా ఉన్నట్లు తేలింది. ఇతర అధ్యయనాలను కూడా కలిపి లెక్కించినపుడు సుమారు 41 శాతం మందిలో కుంగుబాటు, సుమారు 15 శాతం మందిలో ఆందోళన వ్యాధి ఉన్నాయి. ఇవి సహాయం కోసం క్లినిక్‌కు వచ్చినవారి లెక్కలు మాత్రమే. మొత్తం జనాభాకు వీటిని వర్తింపజేయరాదు.

ఆత్మహత్య ఆలోచనలు కూడా వీరిలో ఎక్కువ. 2015లో పలు అధ్యయనాలను కలిపి చూసినపుడు, క్లినిక్‌లకు వచ్చిన ఇటువంటివారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అంతకు ముందు రెండు వారాలలో ఏదో ఒక స్థాయిలో ఇటువంటి ఆలోచనలు వచ్చాయి. అందుచేత ఈ విషయాన్ని వైద్యులు తప్పనిసరిగా సూటిగా అడుగుతారు. అడగడం వలన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. తన మాట వినే మనిషి ఉన్నాడనే భరోసా కలుగుతుంది.

లక్షణాలు

కుంగుబాటులో కనిపించేవి:
- రెండు వారాలకు పైగా విడవని దిగులు, లేదా ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం
- నిద్ర, ఆకలిలో మార్పు, నీరసం
- ఏకాగ్రత తగ్గడం, మార్కులు పడిపోవడం
- "నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు" అనే భావన, అపరాధ భావం
- చనిపోవాలనే ఆలోచనలు

ఆందోళనలో కనిపించేవి:
- కారణం లేకుండా గుండెదడ, చెమటలు, చేతులు వణకడం
- నలుగురిలోకి వెళ్ళడానికి భయం
- ఏదో కీడు జరుగబోతున్నదనే ఎడతెగని శంక
- చేసిన పనినే పలుమార్లు సరిచూసుకోవడం

ముప్పును సూచించేవి:
- పరిసరాలు వింతగా, కలలోలాగా అనిపించడం
- టీవీలో, ఫోనులో వచ్చే మాటలు తన గురించేనేమో అనిపించడం
- తన పేరు ఎవరో పిలిచినట్లు తరచు వినిపించడం
- స్నేహితులకు, ఇంటివారికి క్రమంగా దూరం కావడం

నిద్రలోకి జారుకునే సమయంలో పేరు పిలిచినట్లు వినిపించడం ఆరోగ్యవంతులలో కూడా సాధారణం. దగ్గరివారు మరణించిన తరువాత వారు కనిపించినట్లు అనిపించడం కూడా అటువంటిదే. ఒక్క లక్షణాన్ని బట్టి ఎవరికీ ముప్పు ఉన్నదని నిర్ణయించరాదు.

ఒక ఉదాహరణ

కింది ఉదాహరణ విషయం అర్థం కావడానికి కల్పించినది. కార్మిక కుటుంబానికి చెందిన 19 ఏళ్ళ ఇంజనీరింగు విద్యార్థి ఆరు నెలలుగా సరిగా నిద్రపోవడం లేదు. రెండు సబ్జెక్టులు తప్పాడు. తరగతిలో వెనుక బెంచీవారు తన గురించే గుసగుసలాడుతున్నారని అనుమానం కలిగి కళాశాలకు వెళ్ళడం మానుకున్నాడు. ఇంట్లో అడిగితే కడుపునొప్పి అని చెబుతాడు. తండ్రి దీనిని బద్ధకమనుకున్నాడు, తల్లి దిష్టి తగిలిందనుకుంది. ఇందులో దిగులు, భయం, అనుమానం అనే మూడు పోగులు కలిసిపోయి ఉన్నాయి. అనుమానం వలన కళాశాల మానడం, మానడం వలన ఒంటరితనం, ఒంటరితనం వలన దిగులు, దిగులు వలన నిద్రలేమి, నిద్రలేమి వలన మరింత అనుమానం - ఇలా ఒకటి మరొకదానిని పెంచుతుంది. చికిత్సలో వైద్యులు ఈ వలయాన్ని సులువుగా తెగేచోట, తరచు నిద్ర వద్ద, తెంచడానికి ప్రయత్నిస్తారు.

కారణాలు

కుంగుబాటు, ఆందోళన మరియు సైకోసిస్ ముప్పు ఎందుకు కలిసి వస్తాయనేదానికి నాలుగు వివరణలు ఉన్నాయి. ఇవి ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు.

1. వింత అనుభవాలకు ప్రతిస్పందన: తన మనసు తన అదుపు తప్పుతున్నదని తెలియడమే భయాన్ని, దిగులును కలిగిస్తుంది. "నాకు పిచ్చి పడుతున్నదా" అనే ప్రశ్నను ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం ఈ బాధను పెంచుతుంది.

2. భావోద్వేగాలే దారి కావడం: ఆందోళన ఉన్న మనసు ప్రతిచోటా ప్రమాదాన్ని వెదుకుతుంది. తనను తాను తక్కువగా చూసుకునే వ్యక్తి ఇతరులు కూడా తనను చులకనగా చూస్తున్నారని భావిస్తాడు. ఫిలిప్పా గారెటీ, డేనియల్ ఫ్రీమన్ వంటి బ్రిటిష్ పరిశోధకులు అనుమాన భ్రమలకు ఈ విధంగా వివరణ ఇచ్చారు.

3. ఉమ్మడి కారణాలు: వంశపారంపర్యం, బాల్యంలో హింస లేదా నిర్లక్ష్యానికి గురికావడం, దీర్ఘకాలిక ఒత్తిడి వంటివి మూడింటికీ మూలం కాగలవు. ఒత్తిడి వలన కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావం మెదడులోని డోపమైన్ వ్యవస్థపై పడుతుందని ఒక సిద్ధాంతం. డోపమైన్ అదుపు తప్పితే మామూలు విషయాలకు కూడా లేనిపోని ప్రాముఖ్యం ఏర్పడుతుందని, భారతీయ మూలాలు గల మనోవైద్యుడు శితిజ్ కపూర్ 2003లో ప్రతిపాదించాడు.

4. వ్యాధి తొలిమెట్టు కావడం: జర్మనీలోని మాన్‌హైమ్‌లో హైన్జ్ హేఫ్నర్ బృందం స్కిజోఫ్రీనియాతో మొదటిసారి ఆసుపత్రిలో చేరినవారి పూర్వస్థితిని వివరంగా సేకరించింది. వారిలో తరచుగా ముందు కనిపించిన లక్షణాలలో దిగులు, ఆందోళన ముఖ్యమైనవి. కాని దీనిని తిరగవేసి చెప్పరాదు. దిగులు ఉన్నవారిలో అత్యధికులకు సైకోసిస్ రాదు.

గంజాయి వాడకం మరొక ముఖ్యమైన అంశం. స్వీడన్‌లో సైన్యంలో చేరిన యువకులపై జరిపి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, గంజాయిని 50 సార్లకు పైగా వాడినవారిలో స్కిజోఫ్రీనియా ముప్పు వాడనివారికంటే సుమారు ఆరు రెట్లు ఉన్నట్లు కనిపించింది. దిగులును, నిద్రలేమిని మరచిపోవడానికి గంజాయిని ఆశ్రయించే యువకులు తెలియకుండానే తమ ముప్పును పెంచుకుంటారు. విశాఖ మన్యంలో గంజాయి సాగును అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన అనే కార్యక్రమాన్ని చేపట్టారు.

పరిణామం

2012లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ముప్పు అధికంగా ఉన్నవారిలో మూడేళ్ళలో 36 శాతం మందికి సైకోసిస్ వచ్చింది. 2021లో మరిన్ని అధ్యయనాలను కలిపి చూసినపుడు ఇది మూడేళ్ళలో 25 శాతంగా తేలింది. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురికి ఆ కాలంలో వ్యాధి రాలేదు.

అయితే వ్యాధి రానివారందరూ కోలుకున్నట్లు కాదు. మెల్బోర్న్ క్లినిక్‌కు వచ్చి సైకోసిస్ బారిన పడని 226 మందిని 2 నుండి 14 ఏళ్ళ తరువాత తిరిగి పరిశీలించారు. వారిలో 68 శాతం మందికి ఈ మధ్యకాలంలో ఇతర మానసిక సమస్యలు ఉన్నాయి. వాటిలో కుంగుబాటు వంటి మానసిక స్థితి సమస్యలు, ఆందోళన ముందు వరుసలో ఉన్నాయి. కనుక సైకోసిస్‌ను నివారించడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే ఎక్కువమంది బాధ పట్టించుకోకుండా మిగిలిపోతుంది.

చికిత్స

మాటల చికిత్స: ఆలోచనలను, ప్రవర్తనను పరిశీలించి మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వీరికి సూచించే మొదటి చికిత్స. "అందరూ నన్నే చూస్తున్నారు" అనే నమ్మకాన్ని వైద్యుడు వాదించి కొట్టివేయడు. రోగితో కలిసి చిన్న పరీక్షల ద్వారా సరిచూస్తాడు. ఆంథొనీ మారిసన్ బృందం బ్రిటన్‌లో జరిపి 2012లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో ఈ చికిత్స వలన లక్షణాల తీవ్రత తగ్గింది, కాని సైకోసిస్ వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

మందులు: సైకోసిస్‌కు వాడే మందులను కేవలం ముందు జాగ్రత్త కోసం ఇవ్వరాదని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2014 మార్గదర్శకాలలో పేర్కొన్నది. వాటి వలన బరువు పెరగడం, మధుమేహం, మందకొడితనం వంటి దుష్ప్రభావాలు కలుగవచ్చును. కుంగుబాటు, ఆందోళన మధ్యస్థంగా గాని తీవ్రంగా గాని ఉన్నపుడు వాటికి తగిన మందులు ఇస్తారు. కుటుంబంలో బైపోలార్ వ్యాధి ఉన్నదేమో ముందుగా విచారించాలి, ఎందుకనగా అటువంటివారిలో కుంగుబాటు మందులు అతి ఉత్సాహ స్థితిని కలిగించవచ్చును. వైద్యుని సలహా లేకుండా మందులు మొదలుపెట్టడం, మానడం ప్రమాదకరం.

చేపనూనె: ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు సైకోసిస్‌ను నివారించగలవని 2010లో వియన్నాలో జరిగిన చిన్న ప్రయోగం ఆశ కల్పించింది. 2017లో ప్రచురితమైన పెద్ద ప్రయోగంలో ఆ ఫలితం రాలేదు.

నిద్ర: బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాలకు చెందిన 3755 మంది విద్యార్థులపై జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. నిద్రలేమికి ఇంటర్నెట్ ద్వారా చికిత్స ఇచ్చినపుడు నిద్రతో పాటు అనుమానాలు, భ్రాంతులు కూడా కొంత తగ్గాయి. దిగులు, ఆందోళన కూడా మెరుగుపడ్డాయి.

కుటుంబం పాత్ర: స్కిజోఫ్రీనియా ఉన్నవారి ఇళ్ళలో నిందలు, అతిజోక్యం ఎక్కువగా ఉంటే వ్యాధి తిరగబెట్టడం ఎక్కువని బ్రిటన్‌లో గమనించారు. చండీగఢ్‌లో ఎన్.ఎన్. విగ్ తదితరులు 1980లలో జరిపిన అధ్యయనంలో అక్కడి కుటుంబాలలో ఇటువంటి నిందాపూర్వక ధోరణి బ్రిటన్ కుటుంబాలకంటే తక్కువగా కనిపించింది. భారతదేశంలో రోగి వెంట ఇంటివారు ఆసుపత్రికి రావడం సాధారణం కనుక, వారికి వ్యాధి గురించి వివరించడం చికిత్సలో భాగం కావాలి.

కూర్మన్నపాలెం మరియు విశాఖపట్నం నేపథ్యం

కూర్మన్నపాలెం విశాఖపట్నం నగరంలోని గాజువాక ప్రాంతంలో 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. విశాఖ ఉక్కు కర్మాగారానికి, ఉక్కునగరానికి వెళ్ళే దారి ఇక్కడి కూడలి నుండి మొదలవుతుంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992లో పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశాడు. కర్మాగారం కోసం భూములిచ్చిన నిర్వాసిత కుటుంబాలు, మూడు షిఫ్టులలో పనిచేసే కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు, చదువుకోసం వచ్చిన యువకులు ఈ ప్రాంతంలో నివసిస్తున్నారు. కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ తరువాత ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం కూడలిలోనే కార్మిక సంఘాలు రిలే నిరాహార దీక్షలు ప్రారంభించాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీని ప్రకటించింది.

ఉద్యోగ అభద్రత, రాత్రి షిఫ్టులు కుంగుబాటుకు, నిద్రలేమికి దోహదం చేస్తాయని అనేక దేశాలలో జరిగిన అధ్యయనాలు చూపుతున్నాయి. అంతమాత్రాన పారిశ్రామిక ప్రాంతంలో సైకోసిస్ ఎక్కువని భావించరాదు. నగరాలలో పెరిగినవారిలో సైకోసిస్ ఎక్కువని ఉత్తర ఐరోపా దేశాలలో కనుగొన్నారు, కాని అల్ప, మధ్య ఆదాయ దేశాల సమాచారాన్ని 2018లో విశ్లేషించినపుడు ఆ సంబంధం కనిపించలేదు. ఇటువంటి ప్రాంతంలో ఎదురయ్యే అసలు సమస్య వేరు. ఇంట్లో అందరికీ దిగులు ఉన్న కాలంలో ఒక యువకుని దిగులు ప్రత్యేకంగా కనిపించదు. రాత్రి మేలుకొని పగలు పడుకునే ఇంట్లో నిద్ర తారుమారైనవానిని ఎవరూ గమనించరు.

నమ్మకాలు, ఆలస్యం

ఉత్తరాంధ్రలో మానసిక మార్పులను గాలి సోకడం, దిష్టి, చిల్లంగి వంటి వాటికి ఆపాదించడం ఇప్పటికీ ఉన్నది. చిల్లంగి అనగా చేతబడి. ఈ నమ్మకం వలన రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది చికిత్స ఆలస్యం కావడం. రెండవది, "ఎవరో నాకు కీడు చేస్తున్నారు" అని అనుమానిస్తున్న వ్యక్తికి ఇంటివారే ఒక పేరును అందించడం. దానితో బలహీనంగా ఉన్న అనుమానం బలపడవచ్చును, పొరుగువారికి ప్రమాదం కూడా ఏర్పడవచ్చును. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్ళడం వలన కలిగే ఊరటను కాదనవలసిన పనిలేదు. దానితో పాటు వైద్యుని కూడా కలవాలి.

పిచ్చి అనే ముద్ర పడుతుందని, పెళ్ళి సంబంధాలు రావని భయపడి దాచడం మరొక కారణం. 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వివిధ మానసిక వ్యాధులు ఉన్నవారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది.

విమర్శలు

"ముప్పు ఉన్నవారు" అని పేరు పెట్టడం మీదనే కొందరు మనోవైద్యులకు అభ్యంతరం ఉన్నది. వారి వాదన ప్రకారం, నలుగురిలో ముగ్గురికి రాని వ్యాధి పేరును యువకుని మీద ముందే మోపడం వలన అతని దిగులు, భయం మరింత పెరుగుతాయి. వచ్చినవారి కుంగుబాటుకు, ఆందోళనకు చికిత్స చేస్తే చాలును, వేరే పేరు అవసరం లేదు. దీనిని సమర్థించేవారు, పేరు లేకపోతే బలహీనమైన అనుమానాలను ఎవరూ అడగరని, వ్యాధి వచ్చాక మొదటి చికిత్స అందడానికి నెలలు పడుతుందని, ఆ ఆలస్యం వలన కోలుకోవడం కష్టమవుతుందని అంటారు. ఇరుపక్షాలవారూ అంగీకరించే విషయం, బాధతో వచ్చినవానికి ఆ బాధకు చికిత్స వెంటనే అందాలి.

సహాయం లభించే చోట్లు

విశాఖపట్నంలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 19వ శతాబ్దంలో దీనికి అంకురార్పణ జరిగింది. ఇది కూర్మన్నపాలెంకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, బెంగుళూరులో నిమ్‌హాన్స్, చెన్నైలో 1984లో శారదా మేనన్ స్థాపించిన స్కార్ఫ్ ఇతర ముఖ్య సంస్థలు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి పొందవచ్చును. ఇందులో తెలుగులో కూడా మాట్లాడవచ్చును. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందడం పౌరుల హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, అతనికి సంరక్షణ కల్పించాలని కూడా ఈ చట్టం చెబుతున్నది.

ఇంట్లో ఎవరైనా చనిపోవాలని ఉన్నదని చెబితే, లేదా తమకు హాని చేయమని మాటలు వినిపిస్తున్నాయని చెబితే, వారిని ఒంటరిగా విడువకుండా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇవి కూడా చూడండి

- కుంగుబాటు
- స్కిజోఫ్రీనియా
- బైపోలార్ వ్యాధి
- నిద్రలేమి
- విశాఖపట్నం ఉక్కు కర్మాగారం
- కూర్మన్నపాలెం